మాట్లాడించే విద్య

తెలుగు టీవీలో తారల ముచ్చట్లకు కొదవ లేదు. సెట్టు మారుతుంది, సోఫా మారుతుంది, వచ్చిన తార మాత్రం మొన్న ఇంకో చానల్లో చెప్పిన కథే మళ్లీ చెప్పి వెళ్తుంది. అదే తార ఒక యాంకర్ ముందు పొడిపొడిగా మాట్లాడి, మరో యాంకర్ ముందు గంటసేపు మనసు విప్పిందంటే ఆ తేడా తారలో లేదు, అడిగిన మనిషిలో ఉంది.

ఈ విద్య టీవీతో పుట్టింది కాదు. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే బోధన్ ప్రాంతంలో అమ్దాపూర్ అనే ఊరుంది. చిందు యక్షగానానికి పేరు తెచ్చిన చిందు ఎల్లమ్మది ఆ ఊరే. యక్షగానంలో పాత్ర రంగం మీదికి రాగానే సూత్రధారి ఎదురెళ్లి పలకరిస్తాడు. ఎవరు, ఏ ఊరు, ఏం పని మీద రాక అని అడుగుతాడు. వచ్చింది ఎవరో అతనికి తెలీక కాదు. ముందు కూర్చున్న జనం తరఫున అడుగుతున్నాడు. కూచిపూడి భామాకలాపంలో మాధవిది మరీ గడుసు పని. భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడే సత్యభామను ఏమీ తెలియనట్టు అడిగి, కవ్వించి, చెప్పించేదాకా వదలదు. సత్యభామ గర్వమూ విరహమూ మనకు తెలిసేది ఆ ప్రశ్నల వల్లే. మాధవికి హాస్యం రావాలి, అదును తెలియాలి. అయినా ఆట సత్యభామది. ఆ సంగతి మాధవి ఎప్పుడూ మరిచిపోదు.

మన దేశపు టీవీలో ఈ పనిని తొలినాళ్లలో చేసి చూపించింది తబస్సుమ్. దూరదర్శన్‌లో 1972లో మొదలుపెట్టి రెండు దశాబ్దాలు సినిమావాళ్లను నవ్వుతూ మాట్లాడించారు. 2004లో కరణ్ జోహార్ టాక్ షో వచ్చాక కాఫీ కప్పు, చకచకా ప్రశ్నల ఆట అందరికీ నమూనా అయ్యాయి. తెలుగులో ఏబీఎన్‌లో వేమూరి రాధాకృష్ణ 'ఓపెన్ హార్ట్', ఈటీవీలో 2016 నుంచి 'అలీతో సరదాగా', ఆహాలో 2020లో సమంత 'సామ్‌జామ్', 2021లో బాలకృష్ణ 'అన్‌స్టాపబుల్' ఎవరి బాణీలో వాళ్లు నడిపినవే. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే యాంకర్‌కు కావలసిన గుణాలు నాలుగు కనిపిస్తాయి.

మొదటిది, తెలిసి అడగడం. బీబీసీలో 1971 నుంచి మైఖేల్ పార్కిన్‌సన్ వచ్చేవాళ్ల జీవితమంతా చదువుకుని కూర్చునేవారు. సీఎన్ఎన్‌లో పాతికేళ్లు సాగిన లారీ కింగ్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఎక్కువ తెలుసుకుంటే కుతూహలం చచ్చిపోతుందని నమ్మి, చూసేవాడికి తట్టే చిన్న ప్రశ్నలే అడిగేవారు. దారులు వేరైనా ఇద్దరూ తమ తెలివి చూపించుకోవడానికి ప్రశ్న అడగలేదు. అలీ తయారీ కాగితం మీద దొరికేది కాదు. 'సీతాకోకచిలుక' వచ్చిన 1981 నాటికే కెమెరా ముందున్న మనిషి. అందుకే కొత్త తరం మరిచిన నటీనటులు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏ షూటింగ్‌లో ఏం జరిగిందో ఆయనే అందించగలిగారు. జ్ఞాపకం తోడు దొరికితే పాత నటుడి నోట మాట దానంతటదే వస్తుంది. ఆ చనువులో ఒక ప్రమాదమూ ఉంది. ఇద్దరూ కలిసి పాత రోజులు తలుచుకుని నవ్వుకుంటూ ఉంటే అడగాల్సిన ప్రశ్న అడగకుండానే సమయం అయిపోతుంది.

రెండోది, వినడం. చెప్పినంత సులువు కాదిది. చేతిలో ప్రశ్నల కార్డులు, చెవిలో కంట్రోల్ రూమ్ నుంచి ఆదేశాలు, ఎదురుగా చప్పట్లు కొట్టే జనం. ఈ హడావుడిలో అతిథి ఏదో అంటూ అంటూ 'ఆ సినిమా పోయాక ఇల్లు అమ్ముకున్నాం' అని నోరు జారితే, యాంకర్ కార్డు చూసి 'మీకు నచ్చిన హీరోయిన్ ఎవరు?' అంటాడు. అక్కడ కార్యక్రమం చచ్చిపోతుంది. వినే యాంకర్ కార్డు పక్కన పెట్టి 'ఎక్కడి ఇల్లు?' అంటాడు. లేదా ఏమీ అనకుండా నాలుగు క్షణాలు ఊరుకుంటాడు. ఆ మౌనాన్ని భరించలేక అతిథే మిగతాది చెబుతాడు. నిజాంసాగర్ కాలువ మీద తూము తీసే లష్కర్‌కు ఎంత ఎత్తాలో తెలిసినట్టే, ఎక్కడ కదిలించాలో ఎక్కడ ఆపాలో యాంకర్‌కు తెలియాలి. కన్నీళ్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. ప్రోమోకు పనికొస్తుందని పోయినవాళ్ల ప్రస్తావన తెచ్చి ఏడిపించడం విద్య కాదు. ఆ దుఃఖం దాకా కథ నడిచి వస్తేనే అడగాలి, అడిగాక తేరుకునే వ్యవధి ఇవ్వాలి.

మూడోది, దూరం. రాధాకృష్ణ సినిమా నటుడు కాదు, పత్రికాధిపతి. అందుకే డబ్బు, తగాదాలు, పుకార్ల గురించి పిచ్చాపాటీ ధోరణిలోనే సూటిగా అడిగేస్తారు. బాలకృష్ణ బలం వేరు. తన కోపం మీద, తన తొందరపాటు మీద తానే జోకులు వేసుకుని ఎదుటివాళ్ల బెరుకు పోగొడతారు. 2022లో రెండో సీజన్ తొలి అతిథి చంద్రబాబు నాయుడు ఆయనకు బావ, పైగా వియ్యంకుడు. 1995లో తెలుగుదేశంలో జరిగిన అధికార మార్పిడి ముచ్చట అక్కడ వచ్చింది. ఇంటి మనిషి కాబట్టి ఆ మాట తీయగలిగారు. ఇంటి మనిషి కాబట్టే ఎదురు ప్రశ్న వేసే వీలు తగ్గింది. స్టార్లు యాంకర్లైతే తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి, కానీ రేపు అదే మనిషితో సినిమా చేయాల్సిన వాడి ప్రశ్నకు పదును ఎక్కడిది? భజన మొదలయ్యేది అక్కడే.

నాలుగోది, భాష. 2017లో శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా'లో కథానాయిక భానుమతిది నిజాంసాగర్‌కు దాపునున్న బాన్సువాడ. తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి ఆ యాస నేర్చుకుని తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పింది, రెండు రాష్ట్రాల జనం మెచ్చారు. కేరళ నుంచి వచ్చిన యాంకర్ సుమ కనకాల తెలుగులో చమత్కారానికే చిరునామా అయ్యారు. భాష మీద ప్రేమ ఉంటే పుట్టిన ఊరు అడ్డు కాదు. అయినా ఇప్పటికీ కొన్ని షోలలో తెలంగాణ నుంచి వచ్చిన అతిథి తన యాసలో ఒక మాట అనగానే 'ఏదీ, ఇంకోసారి అనండి' అని నవ్వులు పంచుతారు. ఆ నవ్వుతో అతిథి జాగ్రత్త పడతాడు, పుస్తకాల భాషలోకి మారతాడు. తన భాష వదిలిన మనిషి తన కథ కూడా సగం వదిలేస్తాడు. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో టీవీ ముందు కూర్చున్నవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

ఈ నాలుగూ ఉన్న యాంకర్ వల్ల ఒరిగేది కాలక్షేపం ఒక్కటే కాదు. ఆత్మకథలు రాసే అలవాటు తక్కువైన మన సినిమా లోకంలో ఎందరో నటులు, సాంకేతిక నిపుణుల బతుకు వాళ్ల మాటల్లోనే నమోదైంది ఇలాంటి కార్యక్రమాల్లోనే. అడగడం చేతకాని యాంకర్ పాడుచేసేది ఒక ఎపిసోడ్‌ను కాదు, మళ్లీ దొరకని ఒక సాక్ష్యాన్ని. కాబట్టి ఈసారి చూసినప్పుడు ఒక్క లెక్క వేసుకోండి. టీవీ కట్టేశాక మీకు యాంకర్ వేసిన జోకులు గుర్తున్నాయా, వచ్చిన మనిషి జీవితం గుర్తుందా? రెండోదైతేనే ఆ యాంకర్‌కు విద్య వచ్చినట్టు.