పట్టికలో నక్షత్రములు

ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన ‘ఆర్’ అను గణాంక భాష, మనము వేరుగా కోరనిచో సంఖ్యను 7 సార్థక అంకెల వరకు చూపును. 13 మంది బాలుర ఎత్తులను సెంటీమీటరు వరకే కొలిచినను సగటు 152.3846 అని వచ్చును! అంకెలను 4కు తగ్గించిన 152.4 అగును; లోపలి విలువ మారదు. ఇది చిన్న దోషమే.

ప్రతిగమన పట్టికలోని నక్షత్రముల సంగతి వేరు. ప్రభావమే లేదనుకొన్నచో ఇంతటి లేక ఇంతకు మించిన ఫలితము వచ్చు సంభావ్యత 0.05 కంటె తగ్గిన ఒక నక్షత్రము, 0.01 కంటె తగ్గిన రెండు, 0.001 కంటె తగ్గిన మూడు. 0.049కి నక్షత్రము దక్కగా 0.051కి చుక్క మిగులును. మూడు నక్షత్రములను చూచిన విద్యార్థి ప్రభావము చాల పెద్దదని వ్రాయును. ప్రభావ పరిమాణము ఆ ప్రక్కనే, మొదటి నిలువు వరుసలో ఉన్నది, దానిని చదువువారేరి? ఒక్క ఆజ్ఞతో నక్షత్రములను తొలగింపవచ్చును గాని, అడుగకయే ముద్రించుట ఆ భాష తప్పే.