పండు ఊపిరి లెక్క

రాత్రి రెండున్నర. వంటింటి గట్టు కింద పండు ముడుచుకుని పడుకుంది. పక్కనే చాప మీద నేను, చేతిలో ఫోను. పొద్దున పెట్టిన అన్నం గిన్నెలో అలాగే ఉంది, చీమలు పట్టాయి. 'కుక్క తినడం లేదు' అని వెతికితే అజీర్తి నుంచి మూత్రపిండాల జబ్బు దాకా అన్నీ వచ్చాయి. 'డీలా పడింది' అని చేర్చాను. పార్వో కావచ్చట, కాలేయం కావచ్చట, పేగులో ఏదో అడ్డుపడి ఉండొచ్చట. పార్వో ఎక్కువగా టీకాలు పడని కూనలకు వచ్చేది. పండుకు ఐదేళ్లు, టీకాలు ఎప్పుడూ తప్పించలేదు. ఆ సంగతి తెలిసీ ఆ పేజీ మూడుసార్లు చదివాను.

చెవులు పట్టుకుంటే కాలుతున్నాయి. మనకు 98.6 ఎలాగో కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల దాకా అలాగ. అందుకే అది మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. థర్మామీటర్ పెడితే తప్ప జ్వరం తేలదు. బీరువాలో ఉన్న థర్మామీటర్ తియ్యాలన్న ఆలోచన నాకు తెల్లారేదాకా రాలేదు.

ఫోను ఒక్క మేలు మాత్రం చేసింది. మనం వేసుకునే నొప్పి మాత్ర సగం విరిచి వేద్దామా అనుకుని, ఎందుకో ఆగి వెతికాను. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లికైతే ఒక్క పారాసెటమాల్ మాత్రే ప్రాణం మీదికి తేగలదు. మాత్ర డబ్బాలో పెట్టేశాను. 'ఇది పెట్టొచ్చా' అంటే ఫోను సూటిగా చెబుతుంది. 'దీనికేమైంది' అంటే ఏం చెబుతుంది? అది పండును చూడలేదు.

చూడాల్సిన నేనూ చూడలేదని పొద్దున తెలిసింది. "నిన్న మూత్రం ఎన్నిసార్లు పోసిందండీ?" అని అడిగారు డాక్టరమ్మ. "కడుపునిండా తిన్నది ఎప్పుడు? పిడుదులేమైనా కనబడ్డాయా?" రాత్రంతా చదివినవాణ్ణి, ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలట. పండు చిగుళ్లు అసలే పాలిపోయి ఉన్నాయి. జ్వరం 104. చెవి మడతలో రెండు పిడుదులు. వారం రోజులుగా అది చెవి గోక్కుంటుంటే నేను చూస్తూనే ఉన్నాను. రక్తపరీక్షలో ఎర్లీకియా తేలింది. పిడుదులు రక్తం పీలుస్తూ అంటించే జబ్బు. రెండు లక్షలైనా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 48 వేలకు పడిపోయాయి.

మా నాయనమ్మ గేదె మేత మానేస్తే కొట్టంలో పీట వేసుకుని కూర్చునేది. నెమరు వేస్తోందా, ముట్టె తడిగా ఉందా, పేడ ఎలా వేసింది, పొదుగు వేడిగా ఉందా. పశువుల డాక్టరు సైకిలు దిగీదిగకముందే ఇవన్నీ వరసగా అప్పజెప్పేది. ఆవిడకు చదువు రాదు. ఆ పీట మీద ఎన్నో రాత్రులు ఆవిడ పక్కన కూర్చున్నాను. అలా చూడటం ఎందుకు నేర్చుకోలేదా అని ఇప్పుడు దిగులేస్తుంది.

డాక్సీసైక్లిన్ 28 రోజులు వెయ్యాలన్నారు. పాలల్లో, పెరుగన్నంలో కలిపితే మందు సరిగా ఒంటబట్టదని ఉడికించిన కోడిమాంసం ముక్కలో పెట్టి మింగిస్తున్నాం. ఫ్రిజ్ పక్కన మేకుకు ఒక నోటుపుస్తకం కట్టాం. తిన్నది, తాగింది, మూత్రం, చిగుళ్ల రంగు, జ్వరం, అన్నీ అందులోనే. అది నిద్రపోయాక పక్కటెముకలు లేచి పడటం గడియారం చూస్తూ లెక్కపెడతాను. నిమిషానికి 30 దాటకూడదు. మొదటి రాత్రి 38 అని రాశాను, చెయ్యి వణికి అంకె వంకర పోయింది. నిన్న పదకొండో రోజు. 22. సరిగానే లెక్కపెట్టానా అని ఇంకోసారి కూర్చుని చూశాను. మళ్లీ 22.