హంసకి గొంతుండేది

శ్రీనాథుడి 'శృంగార నైషధం'లో నలుడికీ దమయంతికీ మధ్య రాయబారం నడిపే హంస బంగారు రంగుది. రవివర్మ 1899లో వేసిన చిత్రంలో దమయంతి ఎదుట నిలబడ్డ హంస మాత్రం తెల్లనిది, పొడుగు మెడది. ఇవాళ ఎవర్ని హంసని ఊహించుకోమన్నా కళ్లముందుకొచ్చేది ఈ రెండోదే. అంటే స్వాన్. యూరప్ చెరువుల్లో ఈదే పక్షి. మన దేశంలో ఎప్పుడో ఒకసారి, అదీ వాయవ్యాన, దారితప్పి కనిపిస్తే గొప్ప.

మరి పేరు ఏం చెబుతోంది? సంస్కృత 'హంస', లాటిన్ 'ఆన్సెర్', జర్మన్ 'గన్స్', ఇంగ్లీషు 'గూస్' అన్నీ ఒకే పాత మూలం నుంచి వచ్చిన మాటలు. ఇంగ్లీషులో మధ్యనున్న నకారం జారిపోయింది, మన దగ్గర నిలిచింది. తెలుగు నోట్లో హకారం పోయి 'అంచ' అయింది, రాజహంస 'రాయంచ' అయింది. 'స్వాన్' మాట పుట్టుక వేరు, దీనికి చుట్టం కాదు. మా భాషలో చెప్పాలంటే వేరియబుల్ పేరు అదే ఉంది, పాయింటర్ మాత్రం ఇంకో చోటికి మారిపోయింది. ఎర్రర్ రాలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాళ్లలో డచ్ పండితుడు ఫోగెల్ ఒకడు. 1962లో వచ్చిన ఆయన చిన్న పుస్తకం 'ది గూస్ ఇన్ ఇండియన్ లిటరేచర్ అండ్ ఆర్ట్' పేరులోనే తన వాదం చెప్పేస్తుంది. ఇంగ్లీషులో గూస్ అంటే తెలివితక్కువతనం గుర్తొస్తుంది. దమయంతి దగ్గరికి గూస్‌ని పంపితే పాఠకుడు నవ్వుతాడు. అందుకని అనువాదకులు స్వాన్‌ని పంపారు. శిల్పులకి ఆ బెంగ లేదు. లౌరియా నందన్‌గఢ్ అశోక స్తంభం మీద వరసగా నడిచే హంసల్ని చూడండి, బొద్దుగా, పొట్టి మెడలతో, తలలు వంచి మేత ఏరుకుంటూ ఉంటాయి.

"ఏదైతేనేం, కవిసమయమే కదా" అనొచ్చు. నేను ఒప్పుకోను. పక్షి మారితే పద్యం వినిపించడం మానేస్తుంది. పాత కావ్యాల్లో హంసల కూతనీ ఆడవాళ్ల అందెల చప్పుడునీ పదేపదే పోలుస్తారు. స్వాన్‌తో ఈ పోలిక నిలవదు. బొమ్మల్లో మనకి అలవాటైన ఆ జాతికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరే మ్యూట్ స్వాన్, మూగది అని. గూస్ గుంపు మాత్రం నేలమీదున్నా ఆకాశంలో ఉన్నా నోరు మూయదు. నడక సంగతీ అంతే. స్వాన్ అందమంతా నీళ్లలోనే, గట్టెక్కితే దాని అవస్థ చూడలేం. 'హంసయాన' అని పిలిపించుకునే నాయిక నడక, బరువైన పిరుదులు అటూ ఇటూ ఊగే నింపాది నడక, గట్టుమీద మేసే గూస్‌దే. మన వ్యాఖ్యానాలు దీన్ని 'మందగమనం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఊపు పోతుంది.

ఇక మానససరోవరం. తలమీద రెండు నల్ల పట్టెలుండే బూడిదరంగు గూస్ ఒకటి చలికాలం మన దేశానికొస్తుంది. కర్ణాటకలో మాగడి చెరువుకీ, తమిళనాడులో కూంతన్‌కుళానికీ కూడా. వేసవి ముదరకముందే హిమాలయాలు దాటి టిబెట్ సరస్సులకి గుడ్లు పెట్టడానికి వెళ్లిపోతుంది. 7 వేల మీటర్ల పైన ఎగురుతూ నమోదైన పక్షి ఇది. కాళిదాసు మేఘంతోపాటు కైలాసందాకా వెళ్లే రాజహంసలకి దీనికంటే దగ్గరి పోలిక దొరకదు. కాకపోతే ఈ పక్షులు ఏప్రిల్‌కల్లా ఖాళీ చేస్తాయి, కాళిదాసు మేఘం ఆషాఢంలో గాని కదలదు. అమరకోశం రాజహంసకి ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్లు, తెల్ల ఒళ్లు చెబుతుంది, అదీ పూర్తిగా అతకదు. కాబట్టి హంస అంటే కచ్చితంగా ఈ ఒక్క జాతే అనే పంతం నాకు లేదు. గూస్ కుటుంబం అంటే చాలు.

పాలూ నీళ్లూ వేరుచేయడం గురించి ఒక ముచ్చట. శుక్ల యజుర్వేదంలో నీళ్లలోంచి పాలు వేరుచేసి తాగేది క్రౌంచం, హంస వేరుచేసేది సోమాన్ని. తర్వాతి కవులు క్రౌంచం పని కూడా హంసకే కట్టబెట్టారు. పాపం క్రౌంచానికి వాల్మీకి చేతిలో శోకం మాత్రం మిగిలింది.

మనిషి పోతే తెలుగులో 'హంస లేచిపోయింది' అంటాం. తత్వాల్లో ప్రాణానికి ఈ పేరు స్థిరపడిపోయింది. కొలనులో కదలకుండా తేలే తెల్ల బొమ్మని తలుచుకుంటే 'లేచిపోవడం'లో ఏమీ లేదు. నిన్న సాయంత్రందాకా చెరువు నిండా గోల చేసి, పొద్దున్నే చూస్తే ఒక్కటీ లేని పక్షులైతే ఆ మాటకి వణుకు పుడుతుంది.

ఇంత చరిత్ర ఉన్న మాటని ఇప్పుడు వాడలేకపోవడమే నా బాధ. మేరీ ఆలివర్ 'వైల్డ్ గీస్' తెలుగు చేయాలనుకోండి. 'అడవి బాతులు' అంటే గుడ్ల కూర గుర్తొస్తుంది. 'హంసలు' అంటే పెళ్లిపత్రిక. వ్యుత్పత్తి ప్రకారం రెండోదే సరైనది, పాఠకుడికి చేరేది మాత్రం తప్పు పక్షి. నేనైతే 'అంచలు' అని రాస్తాను. అర్థంకాక ఒక్క క్షణం ఆగుతారు, ఆ లోపల వాటి కూత వినిపించే వీలుంది.