లుక్కేశాక ఏం చెప్పాలి?

బెంగళూరులోని హూడి చుట్టుపక్కల ఐటీ ఆఫీసుల్లో తెలుగువాళ్ల నోట రోజూ దొర్లే మాట ‘ఒకసారి లుక్కెయ్యండి’. అలా అడిగినవాళ్లు పూర్తిగా పరీక్షించమనడం లేదు. అలాగని ఊరికే చూసి వదిలేయమనీ అనడం లేదు. ఎంత చూడాలో తేల్చకుండా చూడమనే వీలుంది కాబట్టే ఆ మాట అంతగా చెలామణి అయింది. ‘లుక్కేశాను, బానే ఉంది’ అనే జవాబుతోనే చిక్కు మొదలవుతుంది. చూసింది ఏ మేరకో అందులో ఉండదు, వినేవాళ్లకు మాత్రం మొత్తం బాగున్నట్టే వినిపిస్తుంది.

పైపైన చూడటాన్ని తక్కువ చేయనక్కర్లేదు. 1975లో కుండెల్, నోడీన్ అనే పరిశోధకులు రేడియాలజిస్టులకు ఛాతీ ఎక్స్‌రేలను సెకనులో ఐదో వంతు సేపు మాత్రమే చూపించారు. ఆ రెప్పపాటులోనే వాళ్లు దాదాపు 70 శాతం లోపాలను పట్టేశారు. కావలసినంత సేపు చూడనిస్తే అది 97 శాతమైంది. అనుభవం ఉన్న కంటికి తొలిచూపే చాలావరకు చెప్పేస్తుందన్నమాట. కానీ మిగిలిన భాగం ఎక్కడుందో ఆ చూపు చెప్పదు. 2013లో మరో ప్రయోగం జరిగింది. ఊపిరితిత్తుల్లో గడ్డలు వెతకమని సీటీ స్కాన్లు ఇచ్చి, వాటిలో గొరిల్లా బొమ్మ దూర్చారు. అది మామూలు గడ్డకు 48 రెట్లు పెద్దది. 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మందికి అది కనిపించనే లేదు. వాళ్లేమీ తొందరపడలేదు, గడ్డల కోసం శ్రద్ధగానే వెతికారు. కాబట్టి ఎంతసేపు చూశారన్నదొక్కటే తెలిస్తే సరిపోదు, దేనికోసం చూశారో కూడా తెలియాలి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలియదా అని అడగొచ్చు. తెలుస్తుంది, గిన్నెలో మెతుకులన్నింటికీ తగిలింది ఒకే సెగ కనుక. కోడ్ అలా ఉడకదు. వెయ్యి లైన్లు సవ్యంగా ఉండి ఒక్క షరతు తలకిందులైనా బిల్లింగ్ మొత్తం తారుమారు కావచ్చు. సిస్కోలో జరిగిన కోడ్ సమీక్షల మీద 2006లో వచ్చిన అధ్యయనం ప్రకారం గంటకు నాలుగైదు వందల లైన్లు దాటి పరిగెత్తితే దొరికే తప్పులు తగ్గిపోతాయి. రిలీజ్ ముందురోజు సాయంత్రం ఆ లెక్క ఎవరు పాటిస్తారంటారా? పాటించలేరు, నిజమే. అందుకే వేగం తగ్గించమని నేను అడగను. ‘ఎర్రర్ హ్యాండ్లింగ్ వరకే చూశాను, డేటాబేస్ జోలికి పోలేదు’ అని ఒక్క వాక్యం రాయడానికి అరనిమిషం చాలు.

అలా రాయడం బాధ్యత దులుపుకునే ఎత్తులా కనిపిస్తుందని కొందరి బెంగ. డాక్టర్ వర్జీనియా అప్గార్ 1953లో ప్రచురించిన పద్ధతి చూడండి. అప్పుడే పుట్టిన బిడ్డలో గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, స్పందన, ఒంటి రంగు, ఈ అయిదే చూస్తారు. నిమిషంలో తేలే ఆ స్కోరును బిడ్డ ఆరోగ్యానికి పూర్తి పూచీగా ఏ డాక్టరూ తీసుకోరు. అలాగని పనికిరాదనీ కొట్టిపారేయరు. హద్దు ముందే తెలుసు కనుక దాన్ని నమ్మాల్సినంత నమ్ముతారు.

గిట్‌హబ్‌లో కోడ్ సమీక్ష ముగించేటప్పుడు అప్రూవ్ ఒక్కటే ఉండదు, ఉత్త కామెంట్‌గా పంపే వీలూ ఉంటుంది. లుక్కేసినవాళ్లు వాడవలసింది అదే. చూసింది ఏ మేరకో అక్కడ రాసి పెడితే, మిగతాది చదివే పని ఇంకా ఉందని తర్వాత వచ్చేవాళ్లకు తెలుస్తుంది.