లో-వింగ్ మోడల్ విమానం: ప్లాన్ చూసి కట్టే విద్య

రెక్క ఫ్యూజిలాజ్ (విమాన మొండెం) అడుగున అమరి ఉండే మోడల్ విమానాన్ని లో-వింగ్ మోడల్ అంటారు. రెక్క పైన ఉండి శిక్షణకు వాడే హై-వింగ్ మోడల్, ట్రాన్స్‌మిటర్ స్టిక్ వదిలేస్తే తనంతట తానే సమంగా నిలుస్తుంది. లో-వింగ్ స్పోర్ట్ మోడల్ మాత్రం ఏ వాలులో వదిలితే దాదాపు ఆ వాలులోనే ఉంటుంది, తలకిందులుగానూ హాయిగా ఎగురుతుంది. విమానం పక్కకు జారినప్పుడు ఫ్యూజిలాజ్ చుట్టూ తిరిగే గాలి హై-వింగ్ మోడల్‌ను సరిచేస్తుంది, లో-వింగ్ మోడల్‌ను మరికాస్త వాలుస్తుంది. ఆ లోటు తీర్చడానికే లో-వింగ్ రెక్క కొసలను ఎక్కువగా పైకి లేపి కడతారు. అలా పైకి లేచిన కోణాన్నే డైహెడ్రల్ అంటారు.

1930ల చివర్లో అమెరికాలో గుడ్ సోదరులు రేడియోతో నడిపిన ‘గఫ్’ హై-వింగ్ విమానమే. రేడియో విమానానికి లో-వింగ్ కూడా పనికొస్తుందని చాలామందికి నమ్మకం కలిగించింది 1950ల చివరి నాటి ఫ్రెడ్ డన్ ‘ఆస్ట్రో హాగ్’. 1960లో స్విట్జర్లాండ్‌లోని డ్యూబెన్‌డార్ఫ్‌లో ఎడ్ కజ్మిర్‌స్కీ ‘ఓరియన్’తో, 1967లో కోర్సికాలో ఫిల్ క్రాఫ్ట్ ‘క్విక్ ఫ్లై’తో ప్రపంచ విజేతలయ్యారు. రెండూ లో-వింగ్ విమానాలే. ఇలాంటి డిజైన్ల ప్లాన్లను ‘మోడల్ ఎయిర్‌ప్లేన్ న్యూస్’, బ్రిటన్‌లోని ‘ఏరోమోడలర్’ వంటి పత్రికలు పాఠకులకు అందించేవి. వాటిని బల్ల మీద పరుచుకుని ఎందరో ఇంట్లోనే విమానాలు కట్టుకున్నారు.

ప్లాన్ అంటే అసలు సైజులో గీసిన బొమ్మ. ప్రతి రిబ్ (రెక్క అడ్డపలక) ఆకారం, ప్రతి ఫార్మర్ (ఫ్యూజిలాజ్ అడ్డపలక) స్థానం, చెక్క మందం అందులో ఉంటాయి. అయితే ఆ చెక్క ఎంత బరువుండాలో చాలా ప్లాన్లు చెప్పవు. ఆ ఎంపిక కట్టేవారిదే, విమానం బాగా ఎగురుతుందా లేదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

ఈ పనికి వాడే బాల్సా చెక్క ప్రధానంగా ఈక్వడార్ నుంచి వస్తుంది. సాధారణంగా ఘనమీటరుకు 100 నుంచి 200 కిలోల దాకా దాని బరువు మారుతుంది. మూడడుగుల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళంలో పదహారో వంతు మందం ఉన్న షీటు ఒకటి 11 గ్రాములు తూగితే, చూడటానికి అలాగే ఉన్న మరొకటి 22 గ్రాములు తూగవచ్చు. అందుకే అనుభవజ్ఞులు త్రాసు లేకుండా పని మొదలుపెట్టరు. గట్టి చెక్క స్పార్లకు (రెక్క పొడవునా సాగే కర్రలకు), తేలిక చెక్క తోకకు, రెక్క కొసలకు. కోత కూడా చూడాలి. పీచు పొడవుగా సాగి తేలిగ్గా వంగే షీటును రెక్క ముందంచు చుట్టూ కప్పడానికి వాడతారు. పైన మెరిసే చుక్కలున్న షీటు వంచితే విరుగుతుంది కానీ బిగువుగా నిలుస్తుంది, కనుక రిబ్‌లకు అదే తగినది. ఈ రెండూ తారుమారైతే ముందంచు చీలుతుంది, రిబ్‌లు మెలిపడతాయి.

ఈ పనిలో అన్నిటికన్నా తృప్తినిచ్చేది రెక్క. వంపు లేని బల్ల మీద ప్లాన్, దాని మీద జిగురు అంటని పాలిథిన్ కాగితం పరుస్తారు. కింది స్పార్‌ను గుండుసూదులతో బిగించి దాని మీద రిబ్‌లు నిలబెడతారు. రెండువైపులా వంపున్న రిబ్ బల్ల మీద ఆనదు, అందుకే దాని అడుగున చిన్న కాళ్లు వదిలి కోసి, పని అయ్యాక తీసేస్తారు. పై స్పార్ పడ్డాక స్పార్ల మధ్య ఖాళీని పీచు నిలువుగా ఉండే బాల్సా ముక్కలతో మూస్తారు. గాలి రెక్కను పైకి నెట్టినప్పుడు పై స్పార్ నొక్కుకుపోతుంది, కింది స్పార్ సాగుతుంది. రెండింటినీ కలిపి పనిచేయించేవి ఆ ముక్కలే. అవి లేకపోతే పై స్పార్ వంగి విరుగుతుంది. తర్వాత ముందంచు నుంచి స్పార్ దాకా పైనా కిందా షీటు కప్పితే, మెలికకు లొంగని గొట్టం తయారవుతుంది. గుప్పెడు గ్రాముల చెక్కకు ఇంత బలం ఎక్కడినుంచి వస్తుందో చేతులతో తెలుసుకునే చోటు ఇదే. పై షీటు, నిలువు ముక్కలు ఆరేదాకా రెక్కను బల్ల మీది నుంచి తీయకూడదు. అప్పుడు పడిన మెలిక తర్వాత పోదు.

140 సెంటీమీటర్ల రెక్కకు చెరి 3 డిగ్రీల డైహెడ్రల్ కావాలంటే, ఒక సగాన్ని బల్లకు ఆనించి రెండో సగం కొసను సుమారు 7.3 సెంటీమీటర్లు ఎత్తి అతికించాలి. మధ్యలో ప్లైవుడ్ బ్రేస్, పైన ఎపాక్సీతో ఫైబర్‌గ్లాస్ గుడ్డ వేస్తారు. లాండింగ్ గేర్ తీగ రెక్కలోని గట్టి చెక్క దిమ్మలో దిగుతుంది కాబట్టి చక్రాల మధ్య దూరం ఎక్కువగా పెట్టుకోవచ్చు.

ఫ్యూజిలాజ్ త్వరగా లేస్తుంది. రెండు పక్క షీట్లకు లోపల ముక్కు నుంచి రెక్క దాకా పలుచని ప్లైవుడ్ అతికించి, ఫార్మర్ల మీద నిలిపి, తోక దగ్గర సమంగా దగ్గరికి లాగుతారు. ఇంజన్‌ను మోసే ప్లైవుడ్ గోడకు ఎపాక్సీ తప్పనిసరి. రెక్కను కూర్చోబెట్టాకే తోకను అతికించాలి. రెండు రెక్క కొసల నుంచి తోక మధ్యకు దూరం సమానంగా ఉండాలి. తోకలో ప్రతి గ్రాము పొదుపు చేయాలి, ఎందుకంటే అక్కడ పెరిగిన ఒక గ్రాముకు ముక్కులో దాదాపు మూడు గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది.

ఒకప్పుడు చట్రం మీద సిల్కు గుడ్డ వేసి డోప్ అనే లక్క పూసేవారు. 1960ల నుంచి ఇస్త్రీ పెట్టెతో అతికించి బిగించే ఫిల్మ్ వాడుకలోకి వచ్చింది. ముందు అడుగు, తర్వాత పైభాగం కప్పితే అతుకు కిందికి పోతుంది. ఉప్పుకాగితంతో నునుపు చేయని చోటు ఫిల్మ్ కింద మరింత స్పష్టంగా కనబడుతుంది.

ఆ 140 సెంటీమీటర్ల రెక్క వెడల్పు 28 సెంటీమీటర్లైతే గురుత్వ కేంద్రం ముందంచు నుంచి 7 – 8.4 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. మొదటిసారి ముందువైపే మంచిది. 6.5 సీసీ ఇంజన్‌తోనో దానికి సరిపడే విద్యుత్ మోటారుతోనో మొత్తం బరువు 2.2 కిలోలకు మించకపోతే రెక్కలో చదరపు డెసిమీటరుకు 56 గ్రాములే పడుతుంది, లాండింగ్ నెమ్మదిగా సాగుతుంది. కుడికి స్టిక్ తిప్పితే కుడి ఐలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి. ఇది ప్రతిసారీ చూడాలి.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ భాగం కాబట్టి తెలుగు రాష్ట్రాల విద్యార్థుల్లో కొందరికి ఈ పని పరిచయమే. భారతదేశపు 2021 డ్రోన్ నియమాల ప్రకారం 25 కిలోల లోపు బరువుతో, కంటికి కనిపించే దూరంలో, వినోదానికో చదువుకో ఎగిరేది మోడల్ విమానం. ఎగరేసే చోటు ఏ గగనతల జోన్‌లో ఉందో ముందే చూసుకోవాలి.

విమానం తొలిసారి ఎగిరి దిగగానే రెక్క బోల్టులు, ఇంజన్ గోడ, హింజ్‌లు పరీక్షిస్తారు. ట్రిమ్‌తో సరిదిద్దిన మేరకు పుష్‌రాడ్‌ల పొడవు మార్చి, ట్రాన్స్‌మిటర్ ట్రిమ్‌లను మళ్లీ మధ్యకు తెస్తారు. తేలిన గురుత్వ కేంద్రాన్ని, బరువును ప్లాన్ మీదే పెన్సిల్‌తో రాసి ఉంచుతారు. రెక్క విరిగినా, రెండో విమానం కట్టినా ఆ కాగితమే మళ్లీ బల్ల మీదికి వస్తుంది.