బుద్ధుని అనంతరం బౌద్ధం: జగ్గయ్యపేట శాసనాలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సంస్థాపకుడు మరణించిన తరువాత ఒక మతోద్యమం దేనిని ఆశ్రయించి నిలుస్తుంది? ఈ ప్రశ్నను జగ్గయ్యపేట స్తూపం వద్ద లభించిన రెండు శాసనాల ఆధారంగా ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. ఒకటి క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన శిల్పి సిద్ధార్థుని ప్రాకృత శాసనం. రెండవది సుమారు 6వ శతాబ్ది లిపిలో ఉన్న చంద్రప్రభుని సంస్కృత శాసనం. ఈ పరిణామాన్ని కేవలం పతనంగా వ్యాఖ్యానించడం శాసనపాఠాలకు న్యాయం చేయదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బౌద్ధం, జగ్గయ్యపేట, ఇక్ష్వాకులు, ఆయకస్తంభాలు, ఆచార్యపరంపర.

1. ఉపోద్ఘాతం:
పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ క్షేత్రంగా ప్రసిద్ధం. ఆ చేరువలోని జగ్గయ్యపేట వద్ద, ధనంబోడు అని పిలిచే చోట, 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపి బౌద్ధస్తూపాన్ని వెలికితీశాడు. మాంధాత చక్రవర్తి శిల్పఫలకం వల్ల ఈ స్తూపానికి కళాచరిత్రలో విశిష్టస్థానం దక్కింది. ఇక్కడి శాసనాలను సాధారణంగా రాజవంశచరిత్రకూ, కాలనిర్ణయానికీ ఆధారాలుగా స్వీకరిస్తారు. వాటిని వాచకాలుగా చదివినప్పుడు, గురువు లేని కాలంలో అనుయాయులు తమను తాము ఎలా నిర్వచించుకున్నారో తెలుస్తుంది.

2. వారసుడు లేని ధర్మం:
బుద్ధుడు తన తరువాత సంఘానికి నాయకుణ్ణి నియమించలేదు. తాను బోధించిన ధర్మవినయాలే ఇకపై శాస్త అని ఆనందునితో చెప్పినట్లు మహాపరినిబ్బానసుత్తం తెలుపుతుంది. శరీరపూజ విషయంలో నిమగ్నం కావద్దని ఆనందునికి చెప్పిన మాట కూడా ఆ సుత్తంలోనే ఉంది. దీనిని ధాతుపూజా నిషేధంగా అర్థం చేసుకుని, స్తూపారాధనను మూలబోధకు విరుద్ధంగా భావించేవారున్నారు. ఆ మాట అంత్యక్రియలకు సంబంధించినదే తప్ప ధాతుపూజను ఉద్దేశించినది కాదని గ్రెగరీ షోపెన్ వాదించాడు. తథాగతునికి నాలుగు దారులు కలిసేచోట స్తూపం నిర్మించాలన్న విధి కూడా అదే సుత్తంలో ఉండటం గమనార్హం. కనుక ధర్మం, ధాతువు అనే రెండు ఆశ్రయాలూ తొలి నుండీ పక్కపక్కనే ఉన్నాయి.

3. సిద్ధార్థుని శాసనం:
ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, వర్షర్తువు ఎనిమిదవ పక్షం పదవ రోజున ఈ శాసనం వేయబడింది. కమ్మకరాష్ట్రంలోని నడతూరుకు చెందిన నాకచందుని కుమారుడు సిద్ధార్థుడు దాత. తండ్రీకొడుకులిద్దరూ ‘ఆవేసని’లు, అంటే శిల్పి వృత్తివారు. వెలగిరి గ్రామంలోని మహాచైత్యం తూర్పుద్వారం వద్ద సిద్ధార్థుడు ఐదు ఆయకస్తంభాలు నిలిపాడు. ఇవి బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్రప్రవర్తనం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు సంకేతాలని పండితుల వ్యాఖ్యానం.

శాసనంలో ఎక్కువ భాగం కుటుంబసభ్యుల పేర్లే. తల్లి నాగిలనిని ముందు నిలిపి, భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు, మరదలు, వారి పిల్లలు, బంధుమిత్రులతో కలిసి ఈ దానం చేసినట్లు సిద్ధార్థుడు చెప్పుకున్నాడు. సర్వసత్త్వాల హితసుఖాలు దాని ప్రయోజనం. భిక్షువు పేరు గానీ, ఆచార్యుని పేరు గానీ ఇందులో లేదు. గురువు లేని లోటును ఇక్కడ ఒక శ్రామిక కుటుంబం తన వృత్తితోనే పూరించింది.

4. చంద్రప్రభుని శాసనం:
దాదాపు మూడు శతాబ్దాల తరువాత అదే స్థలంలో భాష మారింది, దాత మారాడు. భదంత నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడు, అతని శిష్యుడు చంద్రప్రభుడు. ఈ చంద్రప్రభుడు బుద్ధప్రతిమను ప్రతిష్ఠించాడు. బుద్ధత్వప్రాప్తి అతని ఆశయం. తల్లి, భార్య, పిల్లల పేర్లున్న చోటికి గురుపరంపర వచ్చింది, స్తంభసంకేతాల చోటికి మానవాకృతి వచ్చింది. ఈ నాగార్జునుణ్ణి మాధ్యమిక దార్శనికునితో తొందరపడి ముడిపెట్టడానికి లిపికాలం అడ్డు వస్తుంది.

5. పతనవాదం - పరిమితులు:
సంస్థాపకుని వ్యక్తిగత ఆకర్షణశక్తి అతని మరణానంతరం పదవిగానో, పరంపరగానో స్థిరపడుతుందని మాక్స్ వెబర్ సిద్ధాంతం. చంద్రప్రభుని శాసనానికి ఇది బాగా అన్వయిస్తుంది. కానీ ‘ముందు గృహస్థులు, తరువాత ఆచార్యులు’ అని సరళమైన క్రమాన్ని ఊహించడం పొరపాటు. వీరపురుషదత్తుని కాలపు నాగార్జునకొండ శాసనాల్లోనే అపరమహావినశైలీయుల వంటి ఆచార్యశాఖల ప్రస్తావన ఉంది. కాబట్టి సిద్ధార్థుని నాటికి ఆచార్యులు లేకపోలేదు. అతడు తన దానవాక్యంలో తనవారిని ఎంచుకున్నాడు. రెండు శాసనాల మధ్య భేదాన్ని కాలంతో పాటు దాత సామాజికస్థానం కూడా నిర్ణయించింది.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ సంప్రదాయం ఇక్కడ పోలికకు ఉపకరిస్తుంది. అమ్మవారి విగ్రహాలను రంగులు వేయించడానికి జగ్గయ్యపేటకు తీసుకువెళ్లే ఆనవాయితీ నేటికీ ఉంది. బౌద్ధంతో దీనికి చారిత్రకసంబంధం ఉందని చెప్పడం సాహసమే అవుతుంది. అయితే దివంగతులను ఆరాధ్యులుగా నిలిపే పనిలో చేతివృత్తులవారికి ఉన్న పాత్రను ఇది కూడా గుర్తుచేస్తుంది.

6. ముగింపు:
బుద్ధుని అనంతర బౌద్ధాన్ని బోధ నుండి విగ్రహానికి దిగజారిన కథగా చెప్పినప్పుడు నాగిలని, సిద్ధార్థుడు వంటివారు చరిత్ర నుండి జారిపోతారు. ఉద్యమం ఎవరిదన్న ప్రశ్నకు జగ్గయ్యపేటలో రెండు సమాధానాలు లభిస్తున్నాయి: ఒకటి కుటుంబానిది, మరొకటి గురుపరంపరది. ఈ రెండింటినీ కలిపి చదివే పద్ధతిని ఇతర ఆంధ్రబౌద్ధ శాసనాలకూ విస్తరింపజేయవలసి ఉంది.