న్యాయవాదుల కలము – నోరులేనివాని సాక్ష్యము

ఆధునికాంధ్ర వాఙ్మయ చరిత్రను తిరుగవేసినచో ఒక విశేషము కానవచ్చును. నాటకము, నవల, కథ, సాంఘిక చరిత్ర, పత్రిక – ఏ శాఖను జూచినను అందొక వకీలు నిలిచియుండును. బళ్లారి రంగస్థలమునకు మూలపురుషులు న్యాయవాదులు. ‘మాలపల్లి’ కర్త న్యాయవాది. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కర్త న్యాయశాస్త్ర పట్టభద్రుడు. ‘ఆరు సారా కథలు’ వ్రాసినవాడు విశాఖపట్టణపు కోర్టులలో వాదించినవాడు. ఈ వర్గమువారి సాహిత్యసేవను కొనియాడునపుడు వారి పేళ్లను వరుసగా జెప్పి, ఒక్కొక్కరికి ఒక్కొక్క విశేషణమును దగిలించి విరమించుట పరిపాటి. అది స్తోత్రమగునేకాని విమర్శ కానేరదు. వృత్తి వారి రచనకు ఇచ్చినదేమి, అందుండి హరించినదేమి అని విచారించుట విమర్శకుని పని.

ఈ విచారణ ముంబయి తెలుగువారికి కేవలము వినోదము కాదు. నైజాము రాజ్యమునుండి వచ్చి, ఈ నగరపు బాటలను, భవనములను, రేవులను నిర్మించిన తెలుగు శ్రమజీవులను ఇచ్చటివారు కామాఠీలనిరి. వారు నివసించిన పల్లపు నేల కామాఠిపురా అయ్యెను. తరువాత వచ్చిన పద్మశాలీలు మిల్లులలో మగ్గముల యొద్ద నిలిచి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి ప్రాంతముల చాళ్లలో కాపురములు పెట్టిరి. 1873లో మహాత్మా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు ఈ నగరమున అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువారు గలరు. ఇట్టి చరిత్రగల జాతి పేరు, కాలక్రమమున, ఆ పేటలోని కొన్ని గల్లీల వేశ్యావృత్తికి మారుపేరుగా లోకమున వ్యాపించెను. పేటను గట్టినవారు మరుగున బడిరి; పేటకు వచ్చిన నింద మాత్రము నిలిచెను. ఒక జనసముదాయమును గూర్చి ఇతరులు చెప్పిన సాక్ష్యమే మిగిలి, తాము చెప్పవలసిన సాక్ష్యము నమోదు కాకపోయిన యెడల ఇట్లేయగును.

కావున న్యాయవాద రచయితలను ఒక ప్రశ్నతో పరీక్షింపవచ్చును. న్యాయస్థానమున మాటాడువారు ముగ్గురు: పక్షమును వహించి వాదించు వకీలు, ఇరుపక్షములను విని తీర్పు చెప్పు న్యాయాధిపతి, తాను చూచినది చెప్పు సాక్షి. నాలుగవవాడు బోనులోని ముద్దాయి. అతని గొడవయే విచారణకు కారణమైనను అతడు మాటాడుట తక్కువ. మన వకీలు రచయితలు కలము పట్టినపుడు ఈ నలుగురిలో ఎవరి గొంతుకతో మాటాడిరి?

కాలక్రమమున మొదట నిలుచువారు బళ్లారివారు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912), కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) ఇరువురును న్యాయవాదులే. మొదటివారు సరసవినోదినీ సభను, రెండవవారు సుమనోరమ సభను నడిపిరి. ధర్మవరమువారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) న్యాయవాద వృత్తియందును నటనయందును సమానముగ కీర్తి గడించెను. కోర్టు వాదమునకు నాటకమునకు చుట్టరికము గలదు: రెండింటను ఎదుటివాని మాటకు మాట సిద్ధముగ నుండవలెను, నిశ్శబ్దము నెచ్చట వాడవలెనో తెలియవలెను. బళ్లారి నాటకములలోని సంవాద పటుత్వమునకు వృత్తి కొంత కారణమని చెప్పుట సాహసము కాదు. అయినను ఆ రంగమున నిలిచినవారు హెచ్చుగా రాజులు, రాణులు, పురాణపురుషులు. సామాన్యుని వ్యాజ్యెము అక్కడకు రాలేదు. కాని ముంబయివారు గ్రహింపవలసినది మరియొకటి గలదు. కన్నడ దేశపు సరిహద్దున, రెండు భాషలు కలిసి బ్రతికిన ఊరిలో తెలుగు నాటకము వర్ధిల్లినది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినను అచ్చటి తెలుగు కృషి చరిత్రలో నిలిచియే యున్నది. మాతృప్రాంతమునకు వెలుపలనున్నంత మాత్రమున సాహిత్యము గొడ్డువోవునను అపోహకు బళ్లారియే సమాధానము.

రాఘవ కాలముననే పాకాల వేంకట రాజమన్నారు ‘తప్పెవరిది’ నాటకమును రచించిరి. తరువాత వారు మద్రాసు ఉన్నత న్యాయస్థానమునకు 1948 మొదలు 1961 వరకు ప్రధాన న్యాయమూర్తిగ నుండిరి. నాటకపు పేరే ప్రశ్న. అపరాధ మెవరిదని అడుగుటలో తీర్పరి మనస్సు గోచరించును. పురాణమునుండి ఇంటి నడుమకు, రాణినుండి గృహిణికి నాటకము దిగివచ్చుట ఇచ్చట మేలుమలుపు. కాని అదియు విద్యాధికుల గృహమే.

ఆ గడప దాటినవారు ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958). గుంటూరున న్యాయవాదియై, ఐర్లండునకేగి బారిష్టరై తిరిగివచ్చి, ఆదాయము నిచ్చు వృత్తిని విడిచి సహకారనిరాకరణోద్యమమున చెరసాల కేగిరి. ‘మాలపల్లి’ చెరలో పుట్టి 1922లో వెలువడినది. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మటగాని ఆ చిక్కు పూర్తిగ వీడలేదు. ఆ గ్రంథమునకు పీఠిక వ్రాసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ముంబయి తెలుగువారికి పరాయి కారు. అమృతాంజనము 1893లో ఈ నగరముననే పుట్టినది. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగ ఈ నగరముననే వెలువడినది.

మాలపల్లి యందు న్యాయశాస్త్రమెరిగిన రచయిత న్యాయశాస్త్రముపై ఫిర్యాదు దాఖలు చేసినాడు. కూలి గింజల తగవునుండి కథ కదలును. సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు మరణించును. ఆతని సోదరుడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడను పేర దోపిడులకు దిగి ధనికుల సొమ్ము పేదలకు పంచును. చట్టము దృష్టిలో జగ్గడు దొంగ. నవల దృష్టిలో, చట్టము విననందున మాటాడుటకు మరియొక త్రోవను వెదకినవాడు. ఈ రెండు దృష్టులను ప్రక్కప్రక్కన నిలుపుటలోనే ఉన్నవవారి ప్రతిభ యున్నది. పోలీసు, కచేరి, చెరసాల – ఇవి ఎట్లు నడచునో లోపలినుండి చూచినవాడు గావున ఆ ఘట్టములలో ఊహకు తావు తక్కువ, నిజమునకు తావెక్కువ.

దోషము లేకపోలేదు. రామదాసు వేదాంతము చెప్పునపుడు, సంగదాసు సమత్వమును బోధించునపుడు, పాత్ర వెనుకనుండి బారిష్టరు కంఠము పదేపదే వినబడును. మాలపల్లివారి బాధ వారిదే, వాదము మాత్రము వకీలుది. పేదవాని పక్షమున ఎంత గొప్పగ వాదించినను, వకీలు మాటాడుచున్నంతసేపు కక్షిదారు మౌనముగనే యుండవలెను. ఈ లోపమును జెప్పుట ఉన్నవవారి గౌరవమునకు భంగము కాదు. 1922 నాటికి ఆ మాత్రపు వాదము చేయ సాహసించిన వారెందరు? కాని కామాఠిపురా చదువరి, తన తాతముత్తాతల వంటివారిని ఆ నవలలో చూచుకొనునపుడు, వారి దుఃఖమును గుర్తించును, వారి మాటతీరును కొన్నిచోట్ల గుర్తింపలేడు. ఆ తేడాను విమర్శ దాచరాదు.

‘బారిష్టరు పార్వతీశము’ పేరు ఇట్టి సందర్భములలో వెంటనే స్ఫురించును. మొక్కపాటి నరసింహశాస్త్రి న్యాయవాది కాడు. విదేశమునకు పోయి వ్యవసాయశాస్త్రము నభ్యసించినవాడు. కావున అది వృత్తి వెలుపలినుండి వచ్చిన నవ్వు. దానిని ఈ లెక్కలో చేర్చరాదు. రేపల్లెలో న్యాయవాదిగ నుండి ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’ వంటి చారిత్రక నవలలు రచించిన నోరి నరసింహశాస్త్రిగారి (1900–1978) తీరు వేరు. ఆధారములను సమకూర్చి గతకాలమును నిలుపుటలో వారి వృత్తిశిక్షణ కానవచ్చును. వర్తమానపు బోను వారి విషయము కాలేదు.

తెలంగాణ వకీళ్ల కథ ముంబయి తెలుగువారికి మరింత దగ్గర. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు అను వకీలు తెలుగున మాటాడబోగా సభలో గేలిచేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ సంఘమునకు వెన్నెముకయైన మాడపాటి హనుమంతరావు (1885–1970) కూడ వకీలే. వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యము వంటి విషయములపై ఆ ఉద్యమమువారు తెలుగున చిన్న పుస్తకములు ప్రకటించిరి. సాహిత్య చరిత్రకారులు వీనిని లెక్కకు తీసికొనరు. కాని ఉచితముగ చాకిరి చేయించుకొనుట నేరమని, తన భాషలో, చదివించి వినుటకు వీలగు నాలుగు పుటలలో, ఒక పల్లెవాడు తెలిసికొనుట సామాన్యమా? వకీలు రచయిత కక్షిదారునకు బదులుగ మాటాడక, మాటాడుటకు వలసిన మాటలను అతని చేతికిచ్చినది ఇచ్చటనే. మాడపాటివారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ ఆ కృషికంతటికి వాఙ్మూలము.

సురవరము ప్రతాపరెడ్డి (1896–1953) ఈ పద్ధతిని సాహిత్యమునకే ప్రయోగించెను. పాలమూరు బిడ్డ, న్యాయశాస్త్రమున పట్టము పొంది, 1926లో గోలకొండ పత్రికను స్థాపించినాడు. తెలంగాణమున కవులు లేరను మాట విని ఆయన ఆవేశముతో ఉపన్యసింపలేదు. ఆధారములను దాఖలు చేసెను. 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు సాక్షులుగ నిలిచిరి. ఎదుటిపక్షము మరి నోరెత్తలేదు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ యందును రాజుల యుద్ధములను ప్రక్కకునెట్టి, ప్రజలేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అని విచారించెను. 1955లో తెలుగున తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే దక్కినది. ఇది వకీలు సాక్షులను సేకరించు విద్యకు దక్కిన గౌరవము.

బూర్గుల రామకృష్ణారావు (1899–1967) పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివి, ముంబయి విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము పొందిన బహుభాషావేత్త. ఆయనకడ వృత్తి నేర్చిన పి.వి. నరసింహారావు, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితము’గ తెలిగించెను, విశ్వనాథవారి ‘వేయిపడగలు’ను హిందీలోనికి తెచ్చెను. 1921 సభలో తెలుగునకు మరాఠీకి నడుమ లేచిన గోడను, అదే వృత్తివారు మరియొక తరమున గవాక్షముగ మార్చిరి. మరాఠీ నేలపై తెలుగు బడిలో చదువు పిల్లవానికి ఇంతకంటె తగిన పాఠము దొరకదు.

చివరకు రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993). విశాఖ న్యాయస్థానములలో పేదల కేసులు చూచిన ఈ న్యాయవాది చేతిలో ముద్దాయి తొలిసారి నోరు విప్పినాడు. నిజమునకు విప్పినది స్త్రీ. ‘ఆరు సారా కథల’లోని ‘మాయ’లో సారా కేసులో చిక్కిన ముత్యాలమ్మ, కొత్త వకీలునకు పోలీసును, వకీళ్లను, కచేరిని విప్పి చూపును. కక్షిదారు బోధించును, వకీలు వినును. మాలపల్లిలోని సంబంధము ఇచ్చట తలక్రిందులైనది. ఉత్తరాంధ్ర బీదల పలుకుబడిని శాస్త్రి అలంకారముగ వాడలేదు, ప్రమాణముగ వాడినాడు. చట్టపు భాష శుద్ధమై అబద్ధమాడుచుండగా ఆమె భాష అశుద్ధమనిపించుకొని నిజము చెప్పును. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టము క్రింద ఈ నగరమున నడచిన దాడులు, జామీనులు, వాయిదాలు ఎరిగినవారికి ఆ కథలు పరదేశపు కథలు కావు. ‘రత్తాలు రాంబాబు’లోని స్త్రీల బ్రతుకు కామాఠిపురా గల్లీలవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

శాస్త్రియందును అతి యున్నది. ఉపమానములు గుంపులుగ వచ్చి ఒక్కొక్కచోట మనిషిని కప్పివేయును. వ్యవస్థ యంతయు మాయయే యైనచో, ఆ వ్యవస్థలోనే పోరాడి ఒక ఖోలీని, ఒక జీతమును నిలుపుకొన్నవారి విజయమునకు తావెక్కడ? ఈ ప్రశ్న ముంబయి చాళ్లనుండి పుట్టవలసినది. 1947 నాటి అద్దె నియంత్రణ చట్టము 1940 సెప్టెంబరు నాటి అద్దెను ప్రాతిపదికగ గొని కిరాయిదారులకు రక్షణ నిచ్చినది. 1999 నాటి చట్టము దాని స్థానమున వచ్చినది. ఆ రక్షణ లేనిచో మిల్లు కార్మికుని కుటుంబము 1982 సమ్మె పిమ్మట ఈ నగర మధ్యమున నిలిచియుండుట దుస్సాధ్యము. చట్టము మాయయు నగును, గొడుగును అగును. రెండింటిని ఒక్కచోట చూపు రచన ఉన్నవవారి ధర్మావేశమును, శాస్త్రి చెవిని, సురవరమువారి ఓపికను కలిపి కోరును.

ఈ తులనలో తేలునది యేమనగా, న్యాయవాద రచయితలు వాదించినపుడు గొప్పవారు. తాము వినినపుడు, ఇతరుల సాక్ష్యమును సేకరించినపుడు మరింత గొప్పవారు. వృత్తి వారికిచ్చిన అసలు సొత్తు వాక్పటిమ కాదు, సాక్ష్యమునకు గల విలువ నెరుగుట.

నేడు చాళ్లు కూలి మేడలు లేచుచున్నవి. వర్లీ బీ.డీ.డీ. చాళ్ల పునర్నిర్మాణము 2021లో ఆరంభమైనది. కామాఠిపురాకును అట్టి యోచన సాగుచున్నది. ఖోలీపై హక్కును నిరూపించుటకు అద్దె రసీదు వంటి పత్రములు ఉపకరించును. వంశము ఎచ్చటినుండి వచ్చెను, ఎవరు ఏ భవనమునకు రాళ్లు మోసిరి, ఏ వ్యాజ్యెమున ఎట్లు గెలిచిరి, ఏ రాత్రి బడిలో తెలుగు దిద్దిరి అను వానికి రసీదులు లేవు. అవి ముసలివారి నోటనే యున్నవి. ఇంటింట ట్రంకుపెట్టెలో పాత వకాల్తాలు, మిల్లు కార్డులు, కులసంఘపు పద్దులు, శుభలేఖలు ఉండును. ఖోలీ ఖాళీచేయునాడు మొదట పారవేయబడునవి అవియే. సంఘములు, తెలుగు పాఠశాలలు, ఈ నగరమున నల్లకోటు ధరించు తెలుగు యువకులు కలిసి, గోలకొండ కవుల సంచికవలె ఒక కామాఠిపురా సంచికను కూర్చుట అసాధ్యము కాదు. పేరు, ఊరు, వచ్చిన యేడు, చేసిన పని, గుర్తున్న మాట – ఇంటికొక పుట చాలును. వ్రాయువారు తమ భాషకు సవరింపక, చెప్పినవారి మాటను చెప్పినట్లే ఉంచవలెను.